సరస్వతి ఆకు

కాలువ గట్లపైనను, వరిచేల అంచులందును, నూతి చప్టానుండి నీరు పారెడి చోటులందును నేల నంటి ప్రాకుచు, కణుపు కణుపునకు వేరు దింపుకొనుచు పోవు చిన్న మొక్క యొకటి కలదు. పొడవైన కాడమీద గుఱ్ఱపు డెక్కను బోలిన గుండ్రని ఆకు; కాడ తగులు చోట లోనికి చీలియుండును. ఆకుల చాటున సన్నని పూవులు పూచినను చూచువారు తక్కువ. దీనిని మన పెద్దలు సరస్వతి ఆకు అనిరి. పరీక్షల దినములలో పరగడుపున నాలుగాకులు నమలినచో చదివినది మఱపు రాదని మా చిన్ననాట చెప్పెడివారు. నేనును నమిలితిని. ఆ చేదు, వగరు ఇప్పటికిని జ్ఞప్తియందున్నవి. పాఠముల సంగతి మాత్రము చెప్పలేను.

సంస్కృతమున దీని పేరు మండూకపర్ణి, అనగా కప్ప ఆకు. తమిళులు వల్లారై యందురు. కన్నడిగులు ఒందెలగ, అనగా ఒంటి ఆకు అనిరి. సింహళ దేశమున గొటుకొల యను పేరుతో ఇది నిత్యము తినెడి ఆకుకూర. మన యిండ్లలోను పప్పులో వేయుట, పచ్చడి నూరుట కలదు. వృక్షశాస్త్ర రీత్యా ఇది కొత్తిమీర కుటుంబములోనిదే.

చిక్కంతయు మఱియొక పేరుతో వచ్చినది. అది బ్రాహ్మి. ఈ పేరుగల వేఱొక మొక్కయు తడి నేలపైననే ప్రాకును. దాని ఆకులు చిన్నవి, దళసరివి, కణుపున కెదురెదురుగా రెండేసి యుండును. పూవులు తెలుపు లేక లేత నీలము. మన మూలికా గ్రంథములు దీనిని సాంబ్రాణి ఆకు అనును. కేరళమునందును వంగదేశమునందును వైద్యులకు బ్రాహ్మి యనిన ఇదియే. హరిద్వార ప్రాంతమున నన్ననో, బ్రాహ్మి యని అడిగినవారికి మండూకపర్ణి నిత్తురు! సరస్వతి బ్రహ్మకు రాణి గనుక ఒకదాని పేరు మఱియొకదానికి సంక్రమించుట వింత కాదు. కాని సారస్వతారిష్టమునకు బ్రాహ్మి ముఖ్య ద్రవ్యము. బిడ్డకు పట్టించు మందులో ఏ ఆకు పడినదని తల్లి యడిగినచో ఏమి చెప్పవలెను?

ప్రాచీనుల కీ తికమక లేదు. చరకుడు మేధ్య రసాయనములను నాలుగింటిని చెప్పెను: మండూకపర్ణి స్వరసము, పాలతో యష్టిమధు చూర్ణము, తిప్పతీగ రసము, శంఖపుష్పి కల్కము. సుశ్రుతుడు మండూకపర్ణికి వేఱుగను, బ్రాహ్మికి వేఱుగను ప్రయోగము వ్రాసెను.

పాశ్చాత్యులు మండూకపర్ణిని మేధ కొఱకు కాక కుష్ఠు కొఱకు పరిశీలించుట విశేషము. 1753లో లినేయస్ దానికి హైడ్రోకోటైల్ ఏషియాటికా యని నామకరణము చేసెను. 1879లో ఉర్బాన్ దానిని సెంటెల్లాగా మార్చెను. మారిషస్ ద్వీపమున బొయిలో యను ఫ్రెంచి వైద్యుడు 1852లో ఇది కుష్ఠునకు గొప్ప మందని ప్రకటించెను. వెంటనే మద్రాసులో హంటర్ పరీక్షించి, కుష్ఠునకు ఇది ప్రత్యేకౌషధము కాదనియు, సవాయి పుండ్లకు మేలు చేయుననియు 1855లో తెలిపెను. అంత నిక్కచ్చిగా వ్రాయుట ఆ కాలమున అరుదు. పుదుచ్చేరిలో లెపీన్ యను ఔషధకారుడు దీనినుండి తీసిన పదార్థమునకు వెల్లరిన్ అని పేరిడెను. వల్లారై యను తమిళ నామమే అట్లు ఫ్రెంచి వేషము ధరించినది!

1941లో బోంటెమ్స్ ఈ మొక్కనుండి ఏషియాటికోసైడ్‌ను వేఱు చేసెను. తరువాత గాయములు మానుటకు లేపనములలో దీని సారము చేరినది. జ్ఞాపకశక్తిని గూర్చిన ఆధునిక పరీక్షలు మాత్రము ఎక్కువగా రెండవ మొక్కపైననే జరిగినవి. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ అందు చిరకాలము కృషి చేసినది. సరస్వతి పేరు ఒకదానికి, చదువుల పరీక్ష వేఱొకదానికి!

భారత ఆయుర్వేద ఔషధకోశము నేడు బ్రాహ్మి యనిన బకోపా యనియు, మండూకపర్ణి యనిన సెంటెల్లా యనియు నిర్ణయించినది. అయినను అంగడిలోని పొడిని చూచి ఏది యేదో కంటితో పోల్చుట కష్టము. పచ్చి ఆకైనచో బాధ లేదు. పొడవైన కాడకు ఒక్క గుండ్రని ఆకున్నది సరస్వతి. కణుపున జంటగా దళసరి చిట్టి ఆకులున్నది బ్రాహ్మి. కాలువ గట్టున కోసినది యేదైనను రెండు మూడు నీళ్ళతో కడిగి మఱీ వాడవలెను.