రేడియోగ్రఫీ పట్టభద్ర పాఠ్యప్రణాళిక

రేడియోగ్రఫీ పట్టభద్ర పాఠ్యప్రణాళిక అనగా ఎక్స్‌రే, సి.టి., ఎం.ఆర్.ఐ. వంటి యంత్రాలతో శరీర అంతర్భాగాల చిత్రాలను తీసే టెక్నాలజిస్టులను తయారుచేసే విశ్వవిద్యాలయ పట్టా చదువునకు నిర్ణయించిన పాఠ్యక్రమం. చిత్రాన్ని సరిగా తీయడం, రోగికి అవసరానికి మించి వికిరణం తగలకుండా చూడడం టెక్నాలజిస్టు బాధ్యతలు. చిత్రాన్ని చదివి రోగనిర్ణయం చేసేది రేడియాలజిస్టు అనే వైద్యుడు. ఈ వ్యాసంలో ఆంధ్రప్రదేశ్‌ను, ముఖ్యంగా ద్వారకా తిరుమల, ఏలూరు, కొల్లేరు ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని ఇటువంటి పాఠ్యప్రణాళిక రూపకల్పన వివరించబడినది.

చరిత్ర

జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌జెన్ 1895 నవంబరు 8న ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. ఇందుకు 1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి ఆయనకు లభించింది. 1971లో లండను సమీపంలోని ఆసుపత్రిలో హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రంతో తొలిసారి ఒక రోగి మెదడుకు సి.టి. స్కాన్ తీశారు. ఎం.ఆర్.ఐ. అభివృద్ధికి లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. తెలుగువారిలో ఈ రంగానికి పేరు తెచ్చిన రేడియాలజిస్టు డాక్టర్ కాకర్ల సుబ్బారావు (1925-2021). కృష్ణా జిల్లాకు చెందిన ఈయన హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రికి సంచాలకులుగా పనిచేశారు.

ఫిల్ము, చీకటిగది ఉన్న రోజులలో ఈ పనిని చాలామంది ఆసుపత్రిలో చూసి నేర్చుకున్నారు. డిజిటల్ యంత్రాలు వచ్చిన తరువాత భౌతికశాస్త్రం, కంప్యూటరు, శరీరనిర్మాణ శాస్త్రం మూడూ తెలియవలసి రావడంతో పట్టా స్థాయి చదువు అవసరమైనది.

చట్టము, సంస్థలు

రాష్ట్రంలో ఆరోగ్య విద్యకు 1986లో విజయవాడలో ప్రత్యేక విశ్వవిద్యాలయం ఏర్పడినది. ఎన్.టి.ఆర్. పేరుతో ఉన్న ఈ సంస్థకు 2022లో వై.ఎస్.ఆర్. పేరు పెట్టి, 2024లో తిరిగి ఎన్.టి.ఆర్. పేరునే పునరుద్ధరించారు. పార్లమెంటు 2021లో చేసిన చట్టం ద్వారా అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తులకు జాతీయ కమిషన్ ఏర్పాటుకు వీలు కలిగింది. ఈ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తుల చదువుకు కనీసం 2000 గంటలు, ఆరోగ్య సంరక్షణ వృత్తుల పట్టాకు కనీసం 3600 గంటలు ఉండాలి. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఎక్స్‌రే పరికరాల భద్రతను పర్యవేక్షిస్తుంది. గర్భస్థ శిశువు లింగం తెలుపుటను నిషేధించే 1994 నాటి చట్టం కూడా విద్యార్థికి తప్పక బోధించవలసిన అంశం.

రూపకల్పన విధానము

పాఠ్యప్రణాళిక తయారీలో మొదట అడగవలసిన ప్రశ్న "ఏమి బోధించాలి?" అన్నది కాదు, "పట్టా పొందిన మొదటి రోజున విద్యార్థి ఏ పని చేయగలగాలి?" అన్నది. ఉదాహరణకు జాతీయ రహదారిపై ప్రమాదంలో గాయపడిన వ్యక్తిని అర్ధరాత్రి ఆసుపత్రికి తెచ్చినప్పుడు, మెడ కదల్చకుండా చిత్రం తీయగలగాలి. ఇటువంటి పనుల జాబితా ముందు సిద్ధం చేసి, ఒక్కొక్క పనికి కావలసిన జ్ఞానం, నైపుణ్యం, ప్రవర్తన ఏమిటో గుర్తించి, వాటిని సంవత్సరాల వారీగా పంచాలి.

గణితపు సమస్య

ఈ కోర్సులో చేరేవారిలో చాలామంది ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవారు. వీరికి గణితం పదవ తరగతితో ఆగిపోతుంది. కాని వికిరణ భౌతికశాస్త్రం గణితం లేకుండా సాగదు. దూరం రెట్టింపయితే వికిరణ తీవ్రత నాలుగవ వంతుకు తగ్గుతుంది. తీవ్రతను సగానికి తగ్గించే మందం గల సీసపు పొరలు రెండు ఉంటే నాలుగవ వంతు, మూడు ఉంటే ఎనిమిదవ వంతు మిగులుతుంది. ఈ లెక్కలకు ఆధారమైన ఘాతాలు, లాగరిథములు మొదటి సెమిస్టరులోనే బోధించడం మేలు. అలా చేయనిచోట విద్యార్థులు సూత్రాలను బట్టీపట్టి పరీక్ష గట్టెక్కుతారు గాని, యంత్రం వద్ద ఎంత ఎక్స్‌పోజరు ఇవ్వాలో నిర్ణయించలేరు.

పాఠ్యాంశములు

మొదటి సంవత్సరం: శరీర నిర్మాణ, ధర్మ శాస్త్రాలు, మౌలిక భౌతికశాస్త్రం, రోగితో మాట్లాడే పద్ధతి.

రెండవ సంవత్సరం: ఎక్స్‌రే భంగిమలు, వికిరణ రక్షణ, డిజిటల్ చిత్రణ, నాణ్యతా పరీక్షలు.

మూడవ సంవత్సరం: సి.టి., ఎం.ఆర్.ఐ., కాంట్రాస్టు మందులు, అల్ట్రాసౌండ్ సూత్రాలు, చట్టం, నైతికత.

తరువాత ఒక సంవత్సరం ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ ఉండాలి.

వికిరణ రక్షణను ఒక్క పేపరుకు పరిమితం చేయరాదు. ఛాతీ ఎక్స్‌రేలో రోగికి తగిలే మోతాదు సుమారు 0.02 మిల్లీసీవర్టులు కాగా, పొట్ట సి.టి.లో సుమారు 8 మిల్లీసీవర్టులు, అనగా కొన్ని వందల రెట్లు. భారతదేశంలో సిబ్బందికి అనుమతించిన పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. ఏ ఒక్క ఏడాదిలోను 30 మించరాదు.

ఆసుపత్రి శిక్షణ

ఏలూరులో అల్లూరి సీతారామరాజు పేరిట ప్రైవేటు వైద్య కళాశాల ఉన్నది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ప్రారంభమైనది. అయితే శిక్షణ పెద్ద ఆసుపత్రులలోనే ముగిసిపోరాదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఏలూరు జిల్లాలోని ద్వారకా తిరుమల నుంచి జిల్లా కేంద్రానికి సుమారు 40 కిలోమీటర్లు. కొల్లేరు లంక గ్రామాల నుంచి వచ్చే కూలీకి ఎక్స్‌రే సరిగా రాక మళ్ళీ రమ్మంటే ఒకరోజు కూలి, దారి ఖర్చులు పోవడమే గాక, రెండవసారి వికిరణం కూడా తగులుతుంది. కనుక తిరిగి తీయవలసి వచ్చిన చిత్రాలను, వాటి కారణాలను ప్రతి విద్యార్థి తన పుస్తకంలో నమోదు చేయాలి. పాఠాలు ఇంగ్లీషులో ఉన్నప్పటికీ "ఊపిరి బాగా పీల్చి బిగబట్టండి" అని రోగికి అర్థమయ్యేలా చెప్పడం, స్త్రీలను గర్భం గురించి మర్యాదగా అడగడం తెలుగులోనే సాధన చేయించాలి.

మూల్యాంకనము

వ్రాత పరీక్షతో పాటు పరీక్షకుని ఎదుట పని చేసి చూపే పరీక్ష ఉండాలి. ఎం.ఆర్.ఐ. గదిలోకి పంపేముందు పేస్‌మేకరు, లోహపు వస్తువుల గురించి అడగడం వంటి భద్రతా అంశాలలో తప్పినవారిని, మిగిలిన మార్కులు ఎన్ని వచ్చినా ఉత్తీర్ణులుగా పరిగణించరాదు.

ఏలూరు ఉదంతము

2020 డిసెంబరు 5 నుంచి ఏలూరులో వందలాది మంది మూర్ఛతో ఆసుపత్రి పాలయ్యారు. వారికి తీసిన మెదడు సి.టి. స్కాన్‌లు మామూలుగానే ఉన్నట్లు అప్పట్లో ప్రకటించారు. తరువాత రక్త నమూనాలలో సీసం, నికెల్ బయటపడినట్లు ఎయిమ్స్ పరీక్షలు తెలిపాయి. చిత్రం చూపగలిగినది ఏది, చూపలేనిది ఏది అని విద్యార్థికి బోధించడానికి ఇది తగిన ఉదాహరణ. మామూలుగా ఉన్న స్కాన్ వ్యాధి లేదనడానికి రుజువు కాదు.