తుంగభద్రా ప్రాంతపు మిరపసాగు – పత్రపోషణ చరిత్ర

బళ్ళారి, రాయచూరు, కొప్పళ జిల్లాలలోని తెలుగువారి చరిత్రను వ్రాయబూనినవారు సాధారణముగా శాసనములను, రాజ్యముల మార్పులను, నాటక సమాజములను ఆధారముగా గైకొందురు. అవి యన్నియు అవసరమే. కాని ఆ ప్రాంతపు తెలుగువారిలో సేద్యమును నమ్ముకొన్న కుటుంబములు అనేకములు. వారి చరిత్రలో కొంతభాగము నల్లరేగడి చేలలో వ్రాయబడియున్నది. ఆ చేలలో మిరప ముఖ్యమైన పైరు. మిరపకు వేరు ద్వారా మాత్రమే కాక ఆకు ద్వారా కూడ ఆహారము నందించు పద్ధతి యిప్పుడు ఊరూర వ్యాపించియున్నది. దీనికే పత్రపోషణమని పేరు. ఈ పద్ధతి యెచ్చట పుట్టినది, ఇచ్చటి చేలకు ఎట్లు చేరినది, దానివలన సాధ్యమైన దేమి, అసాధ్యమైన దేమి యను విషయములు విచారింపదగినవి. ఏలయన ఈ విచారణలో రైతు కుటుంబముల అప్పుసప్పుల లెక్క కూడ ఇమిడియున్నది.

రెండు పొరల తెలుగుజనము

తుంగభద్రా ప్రాంతమున తెలుగువారి నివాసము రెండు పొరలుగా కనబడును. మొదటిది ప్రాచీనమైనది. 1800 లో నిజాము ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసిన దత్తమండలములలో బళ్ళారి ముఖ్యస్థానము. తెలుగు, కన్నడము కలిసి మెలసిన ఆ సీమనుండియే ధర్మవరము కృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ మొదలగువారు తెలుగు నాటకమునకు ప్రఖ్యాతి తెచ్చిరి. 1953 అక్టోబరు 1 న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరెను. బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. అందుచేత అచ్చటి తెలుగువారు ఇల్లు కదలకయే పొరుగు రాష్ట్రపు భాషాల్పసంఖ్యాకులైరి.

రెండవ పొర తుంగభద్ర ఆనకట్టతో వచ్చినది. 1945 లో ఆరంభమైన ఆ నిర్మాణము ఫలించి 1953 నుండి కాలువలలో నీరు పారసాగెను. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల డెల్టా రైతులు అనేకులు అచ్చటి భూములు అమ్ముకొని వచ్చి, గంగావతి, సింధనూరు, మాన్వి, సిరుగుప్ప ప్రాంతములలో భూములు కొని స్థిరపడిరి. వారి నివాసములకు నేటికిని ‘క్యాంపు’ అనియే పేరు. తాత్కాలికమైన ఆ పేరు శాశ్వతమైన ఊళ్ళకు నిలిచిపోయినది. వరి వారితో వచ్చిన పైరు. మిరప ఉభయులకును పరిచితమైన పైరు.

మిరప, రేగడి

మిరప ఈ దేశపు మొక్క కాదు. అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి ఓడలలో 16వ శతాబ్దమున భారతదేశమునకు వచ్చినది. అంతకు పూర్వము వంటయింటి కారము మిరియమే. అందుచేతనే తెలుగున మిరపకాయ యను మాటలోను, కన్నడమున మెణసినకాయి యను మాటలోను మిరియపు పేరే ధ్వనించుచున్నది. క్రొత్తగా వచ్చిన కాయకు రెండు భాషలవారును పాత సరకు పేరునే తగిలించిరి. బళ్ళారి చేలలో గుంటూరు తరహా కాయలును, బ్యాడగి తరహా కాయలును పండింపబడుచున్నవి. బ్యాడగి కాయ ముడుతలుపడి, కారము తక్కువై, ఎరుపు మిక్కుటమై యుండును. 2011 లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. హావేరి జిల్లాలోని బ్యాడగి సంతకు బళ్ళారి ప్రాంతపు రైతులును తమ సరకు తోలుచుందురు.

ఈ పైరు పెరుగు నేల అధికభాగము నల్లరేగడి. సున్నపు అంశము ఎక్కువగా గల క్షారస్వభావపు నేల యిది. ఇట్టి నేలలో జింకు, ఇనుము వంటి ధాతువులు ఉండియు లేనివానితో సమానము. అవి నీట కరుగని రూపమున బంధింపబడియుండుటచే వేళ్ళు వానిని గ్రహింపజాలవు. దీనికి తోడు కాలువ క్రింద నీరు నిలిచినచో వేళ్ళకు గాలి యాడక అవి పని మానివేయును. లేత ఆకులలో ఈనెలు పచ్చగా నుండి నడిమి భాగము పసుపు వర్ణము దాల్చినచో సాధారణముగ ఇనుము కొరత. ముదురాకులు అట్లే పాలిపోయినచో మెగ్నీషియము కొరత యని తలపవలెను. కాని రెండింటిని చూచినపుడును రైతునకు మొదట తోచునది ఎరువు చాలలేదనియే. మరియొక బస్తా వేసినను నేలలో బందీయైన ధాతువు విడుదల కాదు. ఇట్టి తావుననే పత్రపోషణమునకు నిజమైన అవకాశము కలిగినది.

ఆకు ద్వారా ఆహారము – ఒక శాస్త్రచరిత్ర

ఆకు గాలిని, వెలుతురును మాత్రమే గ్రహించునని చాలకాలము నమ్ముచుండిరి. 1840 దశకమున ఫ్రాన్సు దేశస్థుడగు యూసెబ్ గ్రీ, పాలిపోయిన ఆకులకు ఇనుపలవణముల ద్రావణము పూసి, అవి మరల పచ్చబడుటను చూపెను. 1916 లో హవాయి దీవులలో మాంగనీసు అధికముగా గల నేలలలో పసుపెక్కిన అనాసతోటలపై అన్నభేది, అనగా ఇనుపగంధకిత ద్రావణము, చల్లి మంచి ఫలితము గాంచిరి. 1950 దశకమున అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున ట్యూకీ, విట్వర్ అను శాస్త్రజ్ఞులు కిరణప్రసారము గల ధాతువులను ఆకులపై బెట్టి, అవి మొక్కలోని యితర భాగములకు ప్రయాణించు తీరును కనుగొనిరి. అప్పటినుండి ఈ విషయము ఊహ కాక ప్రత్యక్ష ప్రమాణమైనది.

భారతదేశమున దీనికి గొప్ప నిదర్శనము వరిచేలలో లభించినది. 1966 లో పంత్‌నగర్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు వై. ఎల్. నెనె, తరాయి ప్రాంతమున ‘ఖైరా’ యను పేర వరిని పీడించుచున్న జబ్బు తెగులు కాదనియు, జింకు కొరత యనియు నిరూపించెను. జింకుసల్ఫేటును సున్నముతో కలిపి ఆకులపై చల్లగా పైరు తేరుకొనెను. తరువాత ఆయనయే 1994 లో సికిందరాబాదున ఆసియా వ్యవసాయ చరిత్ర సంస్థను నెలకొల్పెను. సురపాలుని వృక్షాయుర్వేదమును 1996 లో ఆంగ్లానువాదముతో ప్రకటించినది ఆ సంస్థయే. క్రొత్త శాస్త్రమున లోపమును గుర్తించిన దృష్టియే ప్రాచీన గ్రంథమును గూడ ఆదరించినదన్నమాట.

లెక్క చెప్పు సత్యము

ఆకుపై మైనపు పొర యొకటి యుండును. ద్రావణము ఆ పొరలోని సూక్ష్మమార్గముల గుండను, కొంతవరకు పత్రరంధ్రముల గుండను లోనికి జొరబడును. చుక్క తడిగా నున్నంతసేపే ఈ ప్రవేశము చురుకుగా సాగును. అందుచేత ఎండ చల్లబడిన సాయంకాలము చల్లుట శ్రేయము. మిట్టమధ్యాహ్నమున చల్లినచో నీరు ఆవిరియై, లవణము చిక్కబడి ఆకు మాడును.

ఇక పరిమాణమును లెక్కింపవలెను. ఎకరమునకు 200 లీటర్ల నీటిలో నూటికి ఒకపాలు వంతున యూరియా కలిపినచో అది 2 కిలోలు. అందు నత్రజని 46 పాళ్ళు గనుక 920 గ్రాములు మాత్రమే. నీటివసతి గల మిరపకు ఎకరమునకు 40 కిలోలకు తక్కువకాని నత్రజని కావలెను. దానినంతయు ఆకుల ద్వారానే ఇయ్యవలెనన్నచో 44 సార్లు చల్లవలసివచ్చును. జింకు విషయము ఇందుకు పూర్తిగా విరుద్ధము. లీటరునకు 2 గ్రాముల వంతున 200 లీటర్లకు 400 గ్రాముల జింకుసల్ఫేటు చాలును. అందు జింకు సుమారు 84 గ్రాములు. పైరు కోరు జింకు కిలోలలో కాదు, గ్రాములలోనే యుండును. కాబట్టి రెండు మూడు పర్యాయములతో ఆ కొరత తీరును. ఒకే పిచికారి నత్రజని విషయమున ఉపాహారము, జింకు విషయమున భోజనము. పత్రపోషణపు శక్తియు, పరిమితియు ఈ రెండు లెక్కలలో తేటపడుచున్నవి.

మరికొన్ని నియమములును గలవు. కాల్షియము ఆకునుండి కాయకు ప్రవహింపదు. కాయ కొన కుళ్ళును నివారింపదలచినవారు కాయలు తడియునట్లు చల్లవలెను, నేలలో తడిని సమముగా నిలుపవలెను. బోరాను పూతకు మేలుచేయునది. కాని మేలునకు, విషమునకు నడుమ దూరము మిక్కిలి తక్కువ. కాల్షియము నైట్రేటును భాస్వరపు ఎరువుతోగాని, సల్ఫేటు లవణములతోగాని చిక్కగా కలిపినచో మడ్డి తేలి పిచికారి మొన మూసుకొనును. బెంగుళూరు సమీపమున హెసరఘట్టలో 1967 లో వెలసిన ఉద్యానపరిశోధన సంస్థ కూరగాయలకై సూక్ష్మపోషకముల మిశ్రమమును సిద్ధపరచుటలో ఇట్టి చిక్కులను తగ్గించు యత్నము కలదు.

అంగడినుండి చేనికి

నీట పూర్తిగా కరగు ఎరువులు అంగళ్ళకు వచ్చిన పిదప పత్రపోషణము మిరపచేలలో నిత్యకృత్యమైనది. 19:19:19 పెరుగుదల దశకు, 13:0:45 కాయ దశకు అని అంకెలతోనే రైతులు వానిని పిలుచుచున్నారు. ఈ అంకెలకు భాష లేదు గనుక తెలుగువాడును, కన్నడిగుడును సమానముగ పలుకుదురు. కాని అంకెకు వెనుకనున్న అర్థము చెప్పువాడు తరచుగా అంగడివాడే. క్యాంపులలో పిల్లలు కన్నడ బడులలో చదివిరి, పెద్దలు తెలుగు చదువుకొన్నవారు. డబ్బామీద సన్నని అక్షరములు ఆంగ్లమున నుండును. ఇట్టి యింట సలహా కావలసివచ్చినపుడు, సరకు అమ్మువాని మాటయే శాస్త్రమగుచున్నది.

2021 లో నల్లతామరపురుగు బళ్ళారి, రాయచూరు మొదలుకొని ఆంధ్ర, తెలంగాణ జిల్లాల వరకు మిరపచేలను ధ్వంసము చేసెను. పూలలో చేరిన ఆ పురుగును చంపుటకు మందుమీద మందు చల్లిరి. ప్రతి పిచికారిలోను ఏదో యొక పోషకమును గూడ కలిపిరి. అదే సంవత్సరమున నానో యూరియా విపణికి వచ్చినది. తొలిరూపమున నూటికి 4 పాళ్ళ నత్రజని గల 500 మిల్లీలీటర్ల సీసా యొక బస్తా యూరియాకు బదులగునని ప్రచారము జరిగినది. సీసాలోని నత్రజని 20 గ్రాములు. 45 కిలోల బస్తాలోనిది 20 కిలోలకు పైగా. ఈ యంతరమును గూర్చి శాస్త్రజ్ఞులలో తీవ్రమైన వాదము సాగినది. పైన చెప్పిన లెక్కను గ్రహించిన రైతు ఆ వాదమును తానుగా తూచుకొనగలడు.

2024 మార్చి 11 న బ్యాడగి సంతలో మిరప ధర హఠాత్తుగా పడిపోగా రైతుల ఆగ్రహము మిన్నుముట్టి వాహనములు దగ్ధమయ్యెను. ధరను నిర్ణయించుట రైతు చేతిలో లేదు. పెట్టుబడిని నిగ్రహించుట మాత్రము కొంతవరకు అతని చేతిలో నున్నది. కౌలు, కూలి, మందులు, ఎరువులు అన్నియు అప్పుతో నడచు చేనిలో, అవసరములేని ప్రతి పిచికారియు వడ్డీతో కూడిన భారమే.

ముగింపు

ఈ చరిత్ర బోధించు నీతి స్పష్టము. ఆకు వేరునకు సహాయము చేయునేగాని వేరునకు ప్రత్యామ్నాయము కాదు. పశువులఎరువు, పచ్చిరొట్ట, నీరు నిలువని కాలువలు, నేల పరీక్ష – ఇవి మూలము. ఆ మూలము బాగుగా నుండియు ధాతువు నేలలో బందీయైనపుడు పత్రపోషణము దివ్యమైన సాధనము. మూలము చెడినపుడు అది చేనిని కొన్నిదినములు పచ్చగా జూపునే గాని నిలుపదు.

తుంగభద్రా తీరపు తెలుగువారు పరభాషల నడుమ నిలిచినవారు. తమ చేలకు సంబంధించిన శాస్త్రమును తమ భాషలో చదువుకొనుటయు వారి సంస్కృతిలో భాగమే. తెలుగు సంఘములు ఉగాదికి నాటకములు ఆడించుటతో పాటు, నేలపరీక్షా పత్రమును చదువుట, జింకు కొరతను గుర్తించుట, ద్రావణపు పాళ్ళు లెక్కించుట అను విషయములపై తెలుగున, కన్నడమున చిన్నపుస్తకములు ప్రకటించినచో, అది భాషాసేవయు, వ్యవసాయసేవయు నగును. లెక్క తెలిసిన రైతునకు అంగడి సలహాదారు మాత్రమే. లెక్క తెలియని రైతునకు అంగడియే యజమాని.