ఊపిరా, నాడా?

స్కానింగ్‌లో మూడేళ్ల పాప కదలకుండా ఉండాలంటే మత్తు ఇవ్వాల్సి వస్తుంది. అప్పుడు దేన్ని కనిపెట్టి ఉండాలి? ప్రశ్న పాతదే. 1848లో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక, కాలిగోరు తీయడానికి ఇచ్చిన క్లోరోఫారంతో చనిపోయింది. మొదట ఆగేది గుండెనా, శ్వాసా? దీన్ని తేల్చడానికి నిజాం ప్రభుత్వం 1888, 1889లలో హైదరాబాద్‌లో రెండు కమిషన్లు వేసింది. జంతువులపై ఎన్నో ప్రయోగాల తర్వాత ఎడ్వర్డ్ లారీ శ్వాసేనన్నారు. నాడి కాదు, ఊపిరి చూడమన్నారు. అది సగం నిజం. కొద్దిపాటి క్లోరోఫారం కూడా గుండె లయను చెదరగొట్టగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపారు.

పిల్లల్లో ఆక్సిజన్ వాడకం ఎక్కువ, నిల్వ తక్కువ. అందుకే నేడు వేలికి పల్స్ ఆక్సీమీటరు, ఊపిరికి కాప్నోగ్రాఫు. ముక్కులో చల్లే డెక్స్‌మెడిటోమిడిన్‌కు సూది అక్కర్లేదు, శ్వాసనూ పెద్దగా అణచదు. కానీ నాడిని నెమ్మదింపజేస్తుంది.