ఉన్ని వ్యాపారి కోట

కోట అనగానే నాకు గోల్కొండ గుర్తొస్తుంది. అందుకే, ఇంగ్లండ్‌లో వేల్స్ సరిహద్దు దగ్గర, ష్రాప్‌షైర్‌లో ఉన్న స్టోక్‌సే కోటని మొదటిసారి చూసినప్పుడు తికమకపడ్డాను. చుట్టూ కందకం, బురుజులు, పైన పళ్ళవరుసలాంటి పిట్టగోడ, అన్నీ ఉన్నాయి. కానీ హాలుకి మాత్రం నిలువెత్తు కిటికీలు! శత్రువు వస్తాడని భయపడేవాడెవడైనా అంతంత కిటికీలు పెట్టుకుంటాడా?

కట్టించినవాడు ప్రభువు కాదు, లారెన్స్ ఆఫ్ లడ్లో అనే ఉన్ని వ్యాపారి. 1281లో ఎస్టేటు కొన్నాడు. 1291లో ఇంటికి కోటగోడలు కట్టుకోడానికి ఎడ్వర్డ్-1 దగ్గర అనుమతి తెచ్చుకున్నాడు. అప్పటికి వేల్స్‌ని రాజు గెలిచేశాడు కాబట్టి సరిహద్దు భయం చాలావరకు తగ్గింది. నాకర్థమైనంతవరకు ఆ బురుజులు రక్షణ కోసం కన్నా హోదా కోసమే.

ఆ హోదాకి డబ్బెక్కడిది? ఉన్నిది. 1294లో ఫ్రాన్స్‌తో యుద్ధానికి రాజుకి సొమ్ము కావాల్సి వచ్చింది. ఉన్ని ఎగుమతి మీద పన్ను పెంచడానికి వ్యాపారుల్ని ఒప్పించిన వాళ్ళలో లారెన్స్ ముఖ్యుడు. బస్తాకి 6 షిల్లింగుల 8 పెన్నీలుండే సుంకం 40 షిల్లింగులైంది, అంటే ఆరు రెట్లు. వ్యాపారులు దాన్ని తమ జేబులోంచి కట్టలేదు. ఉన్ని కొనే ధర తగ్గించి, భారమంతా గొర్రెలు పెంచేవాళ్ళ మీదకి తోసేశారు.

అదే ఏడాది ఉన్ని ఓడ మునిగి లారెన్స్ చనిపోయాడు. ఉన్ని జనానికి చేసిన పాపం ఉన్ని ఓడలోనే తగిలిందన్నట్టు రాసుకున్నాడు ఒక మఠ చరిత్రకారుడు. ఆ కసిలో ఎంతమంది గొంతుందో!

కోట మాత్రం నిలిచింది. 1645లో, అంతర్యుద్ధంలో, ఒకే ఒక్కసారి అసలు పరీక్ష ఎదురైతే పెద్ద పోరు లేకుండానే లొంగిపోయింది. బహుశా అందుకే బతికింది. తర్వాత హాలుని ధాన్యపు కొట్టుగా వాడారు. 1869లో కొని బాగుచేయించినవాడూ వ్యాపారే, చేతితొడుగుల వ్యాపారి. 13వ శతాబ్దపు దూలాలు ఇప్పటికీ పైకప్పుని మోస్తున్నాయి.

ఈ పన్ను కథ నేను చదివింది ఇంటికొచ్చాక. ఫోన్ తీసి ఆ రోజు ఫోటోలు చూసుకున్నాను. బురుజులున్నాయి, దూలాలున్నాయి, కిటికీలు మరీ ఎక్కువున్నాయి. పక్క పొలంలో గొర్రెలు మేస్తుంటే, ఫ్రేములోకి రాకుండా జరిగి జరిగి తీసినట్టు గుర్తు.