అన్‌లింక్ చేశారు, వెయిట్ చెయ్యలేదు

మొన్న ఆఫీసులో నేను రాసిన ఓ పెర్ల్ స్క్రిప్టు కొంప ముంచింది. పని చిన్నదే... పాత లాగ్ ఫైళ్ళని వేరే సర్వర్‌కి కాపీ చేసి, ఇక్కడివి తీసెయ్యాలి. కాపీకి టైం పడుతుందని ఆ కమాండు చివర యాంపర్‌సాండ్ తగిలించి బ్యాక్‌గ్రౌండ్‌లోకి తోసేశా. సిస్టం ఫంక్షన్ సున్నా తిరిగిచ్చింది. సున్నా అంటే సక్సెసే కదా అని కింది లైన్లో అన్‌లింక్ కొట్టేశా. అవతలి డిస్కు నిండిపోయి కాపీ మధ్యలోనే చచ్చిందని మర్నాడు పొద్దున్న తెలిసింది. ఆ సున్నాకి అర్థం పని అయిందని కాదు, షెల్ పని మొదలుపెట్టిందని మాత్రమే.

పెర్ల్‌ని తిట్టి లాభం లేదు. లారీ వాల్ 1987లో దాన్ని బయటికి తెచ్చేనాటికే ఇవన్నీ పాత సంగతులు. 1971 నాటి యూనిక్స్ మొదటి మాన్యువల్లోనే అన్‌లింక్, ఫోర్క్, వెయిట్ మూడూ ఉన్నాయి. ఫోర్క్‌తో పిల్ల ప్రాసెస్‌ని పుట్టించినవాడు వెయిట్ పిలిచి దాని గతేమైందో కనుక్కోవాలి. కనుక్కోకపోతే అది చచ్చినా టేబుల్లో దాని ఎంట్రీ పోదు. మనం జాంబీ అనేది దాన్నే.

సరే, అసలు విషయానికొస్తా. మాది నాగర్‌కర్నూలు జిల్లా. 2016 అక్టోబరు దాకా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. వనపర్తికి, నాగర్‌కర్నూలుకి దక్షిణాన, గద్వాలకి ఉత్తరాన కృష్ణమ్మే. 1960లో మొదలైన శ్రీశైలం డ్యాం 1981కి పూర్తయింది. వెనక నీళ్ళలో నదికి రెండు వైపులా వంద పైచిలుకు ఊళ్ళు మునిగాయి, లక్షమందికి పైగా జనం కదిలారు. మా వైపు అలంపూర్, వీపనగండ్ల, కొల్లాపూర్ ప్రాంతాలన్నీ ముంపులో ఉన్నవే.

గుళ్ళ విషయంలో మాత్రం స్క్రిప్టు బాగా రాశారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరేసి, విప్పి, అలంపూర్‌కి తెచ్చి మళ్ళీ పేర్చారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడీ అలాగే ఎత్తు మీదికి వచ్చింది. ముందు కాపీ, తర్వాత సరిచూసుకోవడం, ఆ తర్వాతే డిలీట్. చాళుక్యుల నాటి కట్టడం ఇవాళ మనం చూడగలుగుతున్నామంటే ఆ ఓపిక వల్లే.

మనుషుల దగ్గరికొచ్చేసరికి వరస తిరగబడింది. 1981లో ఇళ్ళు కూల్చి జనాన్ని ఖాళీ చేయించారు. పునరావాసం సంగతి చివర యాంపర్‌సాండ్ పెట్టి వదిలేసిన కమాండే. ఐదేళ్ళకి, అంటే 1986లో, 98వ నంబరు జీవో వచ్చింది: ముంపు కుటుంబానికో ఉద్యోగం అని. జీవో ఇచ్చామంటే సున్నా తిరిగొచ్చినట్టే కదా! కొందరికి లష్కర్ పోస్టులు దక్కాయి. మిగతావాళ్ళు ముప్ఫై ఏళ్ళు దాటాక కూడా అదే జీవో నంబరు రాసిన బ్యానర్లతో ధర్నాల్లో కూర్చున్నారు. జీవో వచ్చినప్పుడు ఇరవై ఏళ్ళున్నవాడికి అప్పటికి యాభై దాటాయి. మా దగ్గర 'తొంభై ఎనిమిది జీవో వాళ్ళు' అంటే అదో కులం పేరులా అయిపోయింది.

అన్‌లింక్ గురించి ఇంకో ముక్క. అది చెరిపేది పేరునే. ఎవరైనా ఆ ఫైలుని తెరిచి పట్టుకునుంటే, వాళ్ళు వదిలేదాకా లోపలి డేటా అలాగే ఉంటుంది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే అవతలి ఒడ్డున పాత సంగమేశ్వరం గుడి గోడలు బయటపడతాయి, జనం పుట్టీల్లో వెళ్ళి పూజలు చేసి వస్తారు. మా అమ్మమ్మని మీదే ఊరని అడిగితే ఇప్పటికీ మునిగిన ఊరి పేరే చెబుతుంది. అక్కడ ఎవరి ఇంటి పక్కన ఎవరి ఇల్లో, ఏ బావి నీళ్ళు పప్పు ఉడకడానికి బాగుంటాయో వరసగా చెప్పుకుపోతుంది. పోయిన సెలవుల్లో ఆమె చెబుతుంటే ఓ కాగితం మీద ఊరి మ్యాపు గీశాను. సగమే అయింది. దసరాకి వెళ్ళినప్పుడు మిగతాది పూర్తి చెయ్యాలి.

స్క్రిప్టు అంటారా... యాంపర్‌సాండ్ పీకేసి, ఫోర్క్ చేసి, వెయిట్‌పిడ్‌తో స్టేటస్ చూశాకే అన్‌లింక్ పిలుస్తున్నా. రాత్రి ఓ గంట ఎక్కువ పడుతోంది. పడనీ.