జగ్లర్ (యానిమేషన్ డెమో)

ఎరిక్ గ్రాహం 1986లో అమిగా కంప్యూటర్‌పై రూపొందించిన 'జగ్లర్', ఔత్సాహికులు ఇంట్లో తయారుచేసి పంచుకున్న డెమోలలో, అంటే యంత్రపు సత్తా చూపడానికే రాసిన చిన్న ప్రోగ్రాములలో, మిక్కిలి ప్రసిద్ధమైన వాటిలో ఒకటి. గోళాలను పేర్చి చేసిన బొమ్మ ఒకటి గళ్ల నేలపై నిలిచి, అద్దంలా మెరిసే మూడు బంతులను ఎగరవేస్తుంటే, వాటిపై నేల గళ్లు వంపు తిరిగి ప్రతిఫలిస్తాయి.

కంటికి చేరే కాంతికిరణం ఏ దారిన వచ్చిందో వెనక్కి లెక్కగట్టి తెరమీది ఒక్కో చుక్కకు రంగు నిర్ణయించే 'రే ట్రేసింగ్' పద్ధతిలో ఒక్కో చిత్రానికి సుమారు గంట పట్టేది. అందువల్ల 24 చిత్రాలను ముందుగానే గీయించి, ఒకదానికీ మరొకదానికీ మధ్య మారిన భాగాన్ని మాత్రమే కుదించి దాచి, వరుసగా తిప్పి చూపేవారు. చివరి చిత్రం మొదటిదానితో కలిసిపోవడంతో ఆట ఆగకుండా సాగుతుంది. ఈ పొదుపులోనూ నేర్పు ఉంది. ఇది అమిగాపై గీసినదేనా అని తయారీ సంస్థ కొమడోర్ మొదట సందేహించగా, గ్రాహం తన ప్రోగ్రామునే పంపి నమ్మించారు.

ఇటువంటి డెమోలు 880 కిలోబైట్లు పట్టే మూడున్నర అంగుళాల ఫ్లాపీలపై నకళ్లుగా వాడుకరుల సంఘాలలో చేతులు మారేవి. టెలిఫోన్ తీగపై మోడెమ్ ద్వారానూ అందేవి, కాకపోతే అది గంటల తరబడి సాగే పని. స్వేచ్ఛగా పంచుకోదగిన ప్రోగ్రాములను ఫ్రెడ్ ఫిష్ ఏరి, సంఖ్యలు వేసి వెలువరించిన డిస్కులు వెయ్యి దాటాయి. జగ్లర్ వెనుక ఉన్న కృషి 1987లో 'స్కల్ప్ట్ 3డి' అనే వాణిజ్య ప్రోగ్రాముకు దారితీసింది.