ఇనుప ఉంగరము

కెనడా దేశమున ఇంజనీరు విద్య ముగించినవారిలో పెక్కురు తాము వ్రాయు చేతి చిటికెన వ్రేలికి ఒక చిన్న ఉంగరము ధరింతురు. అది బంగారము గాదు, వెండియు గాదు. తొలినాళ్లలో చేత సాగగొట్టిన యినుము. నేడు పెక్కుచోట్ల తుప్పు పట్టని యుక్కు. కాగితముపై గీత గీయునప్పుడెల్ల అది బల్లకు తగులుచుండును. మన పూర్వులు విద్య ముగించిన శిష్యునకు స్నాతకము చేసి, లోకమున మెలగవలసిన తీరు చెప్పి యింటికి పంపెడివారు. ఇదియు నట్టి స్నాతకమే. అయితే దీనితోపాటు లోకులు తలచుకొనునది యొక కూలిన వంతెన.

క్విబెక్ నగరమున కెగువ సెంట్ లారెన్సు నదిమీద రైలువంతెన కట్టబూనిరి. ఇరుగట్లనుండి రెండు చేతులు చాచి నడుమ కలిపినట్టి నిర్మాణము. నడిమి కన్ను మొదట 1,600 అడుగులని తలచిరి. 1900లో దానిని 1,800 అడుగులకు పెంచిరి. నది లోతును, మంచుగడ్డల తాకిడిని తప్పించుకొనుట యొక కారణము. స్కాట్లండులోని ఫోర్తు వంతెన కన్ను 1,710 అడుగులే గనుక, దీనితో ప్రపంచమున ప్రథమస్థానము దక్కుననుటయు కొందఱికి రుచించియుండును.

నిడివి పెరిగిన బరువు పెరుగును. ఇది చిన్న తరగతి బాలుడును చెప్పగలడు. కాని ఉక్కు బరువునకు వేసిన పాత యంచనాను మరల లెక్కింపలేదు. తప్పు బయటపడునప్పటికి 1906 వచ్చినది. దూలములు చాలవఱకు తయారై, కొన్ని నిలిచియు నుండెను. సలహాదారుడైన థియోడోరు కూపరు, పెరిగిన భారమును దూలము లోర్చునని తలచి పని సాగనిచ్చెను. ఆయన అమెరికాలో పేరుమోసిన వంతెనల నిపుణుడు, వృద్ధుడు, అనారోగ్యవంతుడు. ఉక్కుపని జరుగుచున్న కాలమున ఒక్కసారియైన అచ్చటికి పోక న్యూయార్కులోనే యుండెను. తన నిర్ణయములను వేఱొక యింజనీరు పరిశీలించుట కాయన యొప్పుకొనలేదు. పాండిత్యము ముదిరినకొలది ప్రశ్న సహింపకుండుట మన పండితసభలలోను చూచినదే.

1907 ఆగస్టు 27వ తేదీన, వారము క్రిందట ముక్కాలంగుళము వంగియున్న యొక క్రింది దూలము రెండంగుళములకు మించి వంగెను. నార్మన్ మెక్లూర్ అను యువ ఇంజనీరు దానిని కొలిచి, కూపరుతో చెప్పుటకై రైలెక్కి న్యూయార్కునకు పోయెను. 29వ తేదీ మధ్యాహ్నము కూపరు, వంతెనపై నింక బరువు మోపవలదని తంతి నిచ్చెను. కాని యది పోయినది ఫీనిక్సువిల్‌లోని కంపెనీ కార్యాలయమునకు; వంతెనకడకు కాదు. ఆ సాయంకాలము అయిదున్నర దాటిన పిమ్మట, పని ముగియు వేళకు, వంతెన నదిలో కూలెను. పదునైదు నిమేషములు పట్టలేదు. దానిపై నున్న 86 మందిలో 75 మంది మృతినొందిరి. వారిలో 33 మంది కాహ్నవాకె గ్రామమునకు చెందిన మొహాక్ తెగవారు. ఒక్క పల్లెలో అన్ని యిండ్లకు నొకేనాడు దుఃఖము! వారి సమాధులపై ఉక్కు దూలములనే సిలువలుగా నాటిరి.

ప్రభుత్వము నియమించిన విచారణసంఘము 1908లో నివేదిక నిచ్చెను. కూపరును, కంపెనీ రూపకల్పన చేసిన పీటర్ స్లాప్కాను బాధ్యులుగా పేర్కొనెను. అయితే వారికి శాస్త్రజ్ఞానము లేదనిగాని, డబ్బు మిగుల్ప జూచిరనిగాని యనలేదు. వివేచనలో పొరబడిరని చెప్పెను. పనిచోట నిలిచి "ఆపుడు" అని యాజ్ఞాపింపగల సమర్థుడు లేకుండుటయు లోపమని చూపెను. ఈ చివరిమాటయే నాకు ముఖ్యముగా తోచుచున్నది. కొలిచినవాని కధికారము లేదు. అధికారము గలవాడు చూడలేదు.

రెండవమాఱు కట్టుచుండగా 1916లో నడిమిభాగము నెత్తునప్పుడు అది జారిపడి మఱి 13 మంది మడిసిరి. 1917లో వంతెన పూర్తియైనది. 1922లో మాంట్రియల్ సభలో టొరాంటో ఆచార్యుడు హౌల్టైను, యువ ఇంజనీర్లకొక ప్రమాణము కావలెననెను. దానిని వ్రాసినవాడు రడ్యార్డు కిప్లింగు. మొదటి దీక్ష 1925 ఏప్రిలు 25న జరిగెను. ఉంగరములు కూలిన వంతెన యినుముతో చేసినవను మాట కట్టుకథ.

ఉంగరము చదువు ముగిసిన తరువాత వచ్చును. చదువునడుమ నేమి? బడిలెక్కలో దత్తాంశమును ఉపాధ్యాయుడే యిచ్చును. శిష్యుడు దానిని శంకింపడు. వంతెనలెక్కలో మొదట శంకింపవలసినది దత్తాంశమునే. కెనడాలో నేడు కళాశాలకు గుర్తింపు కావలెనన్న రూపకల్పనయు, నీతియు, సమాజముపై ఇంజనీరు పని ప్రభావమును నేర్పవలెను. మన దేశము 2014లో వాషింగ్టను ఒడంబడికలో పూర్తి సభ్యత్వము పొందినది గనుక, జాతీయ గుర్తింపు మండలి యనుమతి కోరు మన తెలుగునాటి కళాశాలలకును ఇట్టి నియమములే కలవు. కాని నీతి కొక గంట, గణితమున కొక గంట యని విడదీసిన, విద్యార్థి మొదటిదానిని పరీక్షమఱునాడే మఱచును.

నేనైతే రూపకల్పన తరగతిలోనే నిడివి పెంచి, బరువు పాతదే యిత్తును. మార్చినదెవ్వరని యడిగినవానికి సగము మార్కులు. తక్కిన సగమునకు ప్రశ్న యిది: నీవు మెక్లూరువు, ఆగస్టు 27, సాయంకాలము, దూలము వంగినది, తంతి నెవ్వరికి, ఏమని వ్రాయుదువు?